కిటికీ పక్క ఆఖరి బెంచీ

పోస్టాఫీసు గుమాస్తా గారబ్బాయి క్లాసులో ఫస్టు బెంచీకొచ్చాడని, వచ్చిన రోజునే వీధి మొదలు నుంచి ఇంటిదాకా వలవలా ఏడ్చుకుంటూ వచ్చాడని పక్కవాటా కాంపౌండరు భార్య కుళాయి దగ్గర చెప్పిందట. ఆ మాట విన్న ఇస్త్రీ ఆవిడ చొక్కాలివ్వడానికి వచ్చి, గుమాస్తా గారి భార్యకే దాన్ని తిరిగి వినిపించింది. కుర్రాడు ఆనందం పట్టలేక ఏడ్చాడని కాంపౌండరు భార్య అభిప్రాయం. "అంత ఏడుపు ఆనందానికి రాదమ్మా, ఎక్కడో దెబ్బ తగిలుంటుంది, చొక్కా విప్పి చూసుకో" అని ఇస్త్రీ ఆవిడ తన అభిప్రాయం కూడా కలిపి, బట్టలు మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఇద్దరిలో ఇస్త్రీ ఆవిడే నిజానికి దగ్గరగా ఉంది. దెబ్బ తగిలిన మాట వాస్తవం. చొక్కా విప్పితే కనిపించేది మాత్రం కాదు.

వాడు చదివేది మగపిల్లల హైస్కూలు. పెద్ద కాలేజీల ప్రవేశ పరీక్షకి పిల్లల్ని తోమి తోమి తయారుచేస్తుందని దానికి పేరు. అక్కడ బెంచీ అంటే కూర్చునే చెక్క కాదు, పరువు. శనివారం టిక్కులు పెట్టే పరీక్ష. సోమవారం పొద్దున్న మార్కుల్ని బట్టి బెంచీలు. ఎక్కువొచ్చినవాడు బోర్డు ముందు, తక్కువొచ్చినవాడు వెనక గోడ పక్క. మార్కులు చెప్తే పిల్లలు కుంగిపోతారని ప్రిన్సిపాలు గారు వాటిని బయటపెట్టనివ్వరు. ఎవడెక్కడ కూర్చోవాలో మాత్రం ఆఫీసు రూములో కంప్యూటరు చెప్తుంది. టర్ము ఆఖర్న పేరెంట్సు మీటింగుకి వచ్చిన తల్లిదండ్రులు గుమ్మంలో నిలబడి, తమవాడు ఎన్నో బెంచీలో ఉన్నాడో చూసుకుని, దాన్నిబట్టి తల ఎత్తుకోవడమో దించుకోవడమో చేస్తారు.

గుమాస్తా గారికి దించుకోవడం అలవాటైపోయింది. కొడుకు చేరిన నాటి నుంచి వాడిది ఆఖరి వరసలో కిటికీ పక్క బెంచీ. క్లాసులో అందరూ వాణ్ణి 'చెక్క' అంటారు. జేబులో ఎప్పుడూ ఏదో ఒక చెక్కముక్క ఉంటుంది. పాఠం జరుగుతున్నంతసేపూ దాన్ని గీకుతూ, నున్నగా రుద్దుతూ, మధ్యమధ్య వాసన చూస్తూ ఉంటాడు. వాడి ప్రాణమంతా మేనమామ వడ్రంగి షెడ్డులో ఉంది. సెలవు వస్తే రంపపు పొట్టు మీదే నిద్ర. ఆ మాటకొస్తే గుమాస్తా గారి తండ్రీ వడ్రంగే. ఇంటి మొత్తంలో ఉలి వదిలేసి పెన్ను పట్టిన మొదటివాణ్ణి నేనేనని గుమాస్తా గారు చెప్పుకోని రోజు లేదు. ఆ పెన్ను గొలుసుతో బల్లకి కట్టి ఉంటుందని ఆయన భార్య గుర్తుచెయ్యని రోజూ లేదు.

టర్ము మొదట్లో ఒకనాడు భోజనాల దగ్గర చెక్క నోరు విప్పాడు. ఆ పూట మామయ్య కూడా ఉన్నాడు.

"నాన్నా, నన్ను మామయ్య దగ్గర పని నేర్చుకోనీ."

"చదువు రానివాడి మాట అది."

"రాదనే కదా చెప్తున్నా."

"వస్తుంది. కూర్చుంటే అదే వస్తుంది."

"ఇన్నాళ్ళూ కూర్చునే ఉన్నా నాన్నా."

గుమాస్తా గారికి ఒళ్ళు మండింది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "సరే, విను. ఈ టర్ము ఆఖర్న మీటింగుకి నేనొచ్చేసరికి నువ్వింకా ఆఖరి బెంచీలోనే ఉంటే, నీ మామయ్య వెంట పో. నేనడ్డు రాను. ఒక్క బెంచీ ముందుకొచ్చినా సరే, షెడ్డు మాట ఈ ఇంట్లో మళ్ళీ వినపడకూడదు."

"మాట మీద ఉంటావా బావా?" అన్నాడు మామయ్య.

"నేను మాట తప్పడం నువ్వెప్పుడైనా చూశావా?"

"చూళ్ళేదు. అసలు ఇవ్వడమే ఇప్పుడు చూస్తున్నా."

చెక్క తన కంచం ఎత్తుకుని లేచేటప్పటికే మనసులో షెడ్డుకి వెళ్ళిపోయాడు. ఆఖరి బెంచీ వాడి సొంత ఆస్తి. దాన్ని ఎవడు లాక్కుంటాడు?

లాక్కున్నారు.

స్కూలు వెనక సందులో ఒక సెలూను ఉంది. ఆఖరి బెంచీ కిటికీకి సరిగ్గా ఎదురు. ఆ రోజుల్లోనే ఫుట్‌బాల్ కప్పు పోటీలు మొదలయ్యాయి. మనవాళ్ళు కూడా ఆడుతున్నారు. ఆటలన్నీ మధ్యాహ్నం లెక్కల పీరియడు వేళకే. సెలూనాయన కొత్త టీవీ ఒకటి తెచ్చి గోడకెక్కించాడు. ఈ సంగతి చెక్కే నోరు జారి బయటపెట్టాడు. ఆటంటే వాడికి పట్టదు. టీవీ కింద కొట్టిన పలక ఒక పక్కకి వాలి ఉందని, రోజూ అది చూడలేక కళ్ళు నొప్పెడుతున్నాయని ఇంటర్వెల్లులో మెరిట్టుతో అన్నాడు. మెరిట్టు అంటే ఫస్టు బెంచీలో పాతుకుపోయిన కుర్రాడు. వాణ్ణి అక్కణ్ణించి పీకాలంటే గునపం కావాలని మాస్టర్లే అనేవాళ్ళు.

"ఏ టీవీ?" అన్నాడు మెరిట్టు.

ఆ శనివారం మెరిట్టు, వాడి నేస్తులిద్దరూ ఖాళీ కాయితాలిచ్చారు. సోమవారం సంచులు భుజానేసుకుని పెళ్ళివారిలా నడుచుకుంటూ వెనక్కొచ్చారు. చెక్కకి గుడ్డిగా పెట్టిన టిక్కుల్లో నాలుగైదు తగిలాయి. ముందు వరసకి జరగమన్నారు.

"ఒరేయ్, అది నా బెంచీ."

"మార్కులు తెచ్చుకున్నావు, అనుభవించు" అన్నాడు మెరిట్టు, కిటికీ రెక్క బార్లా తెరుస్తూ.

మర్నాటికి సంగతి క్లాసంతా పాకింది. మరుసటి వారం సగం మంది ఖాళీ కాయితాలిచ్చారు. సున్నాలన్నీ ఒకచోట పోగుపడేసరికి, వీటిలో ఏ సున్నా చిన్నదని పేచీ వచ్చింది. అప్పుడెవడికో గుర్తొచ్చింది: ఒప్పుకి నాలుగు మార్కులు, ఖాళీకి సున్నా, తప్పుకి ఒకటి కోత. అంటే సున్నా కింద ఇంకా బోలెడు చోటుంది.

అక్కడి నుంచి మొదలైంది అసలు చదువు. తప్పు టిక్కు పెట్టడం అంత తేలికేం కాదు. నాలుగు జవాబుల్లో ఒప్పేదో తెలియకుండా పెడితే, చెయ్యి జారి దాని మీదే పడొచ్చు. ఒక్కటి పడినా కిటికీ పోయినట్టే. లైబ్రరీలో ఎప్పుడూ కుర్చీ దొరకనంత జనం. మెట్ల మీద, నీళ్ళ పంపు దగ్గర, సైకిళ్ళ షెడ్డులో ఎక్కడ చూసినా గుంపులు.

"మూడోది తప్పేనా?"

"తప్పే."

"ఖాయంగా?"

"చేసి చూశాను కదరా. ఒప్పు రెండోది. కళ్ళు మూసుకుని మూడోది పెట్టు."

శనివారం సాయంత్రం కుర్రాళ్ళు తలలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. "పదిహేనోది ఒప్పైపోయిందిరా, ఇంట్లో మొహం ఎలా చూపించను" అని ఒకడు ముక్కు చీదుతుంటే, మిగతావాళ్ళు వీపు నిమిరేవాళ్ళు.

సెలూనాయన కూడా మంచి మనిషి. పిల్లల ఆరాటం చూసి టీవీని కిటికీ వైపు తిప్పాడు. గడ్డానికొచ్చినవాడు అడ్డంగా లేస్తే భుజం నొక్కి కూర్చోబెట్టేవాడు. ఆ రుణం ఎలా తీరుస్తారు? వంతులు వేసుకుని క్షవరానికి వెళ్ళేవాళ్ళు. కొన్నాళ్ళకి వెనక బెంచీ వాళ్ళ తలలన్నీ గీరిన కొబ్బరిచిప్పల్లా తయారయ్యాయి. మెరిట్టుకి కత్తిరించడానికి ఏమీ మిగలక, ఉత్తినే కత్తెర చప్పుడు చేయించుకుని వచ్చాడు.

వాళ్ళు వెనక్కి పోయినకొద్దీ చెక్క ముందుకు కొట్టుకుపోతున్నాడు. వాడికి కొత్తగా తెలివొచ్చిందేమీ లేదు. ఉన్నచోటనే ఉన్నాడు, క్లాసే వాడి కిందనుంచి జారిపోయింది. ఆఖరికి సిగ్గు విడిచి మెరిట్టు దగ్గరికే వెళ్ళాడు.

"నాక్కూడా తప్పులు నేర్పరా."

"తప్పులు నేర్పాలంటే ముందు ఒప్పులు నేర్పాలి."

"ఇంకో దారి లేదా?"

"ఉంటే నేనెందుకురా ఇంత చదువుతాను?"

చెక్క ఆలోచించాడు. గుడ్డిగా పెడితే కొన్ని తగుల్తున్నాయి. అసలు పెట్టకపోతే? ఆ శనివారం ఒక్క టిక్కయినా పెట్టకుండా చేతులు కట్టుకుని కూర్చుని, బెల్లు కొట్టగానే తెల్లకాయితం ఇచ్చి వచ్చేశాడు. సున్నా. ఇంతకంటే దిగడం తనవల్ల కాదు. ఆటంటే పడని కళ్ళజోడబ్బాయి ఒకడు ప్రతి వారం నిజాయితీగా రాసి ఫస్టు బెంచీలో ఒంటరిగా కూర్చునేవాడు. వాడు ఆ వారం ఆటలమ్మ పోసి ఇంట్లో పడుకున్నాడు. మిగతా క్లాసంతా సున్నా కింద ఈదుతోంది. సోమవారం పొద్దున్న కంప్యూటరు ఏ జంకూ లేకుండా చెక్కని ఫస్టు బెంచీలో మొదటి సీటు మీద కూర్చోబెట్టింది.

కుళాయి దగ్గర చెప్పుకున్న ఏడుపు ఆ రోజుది.

ఏడుపు సంగతి అలా ఉంచి, ఆ బెంచీలో వాడు మొదట చేసిన పని ఒకటుంది. కూర్చోగానే బెంచీ ఒక పక్కకి ఒరిగింది. మెరిట్టు అన్నేళ్ళూ దాని మీద ఊగుతూనే చదివాడు గానీ, వంగి కిందకి చూసిన పాపాన పోలేదు. చెక్క వంగి చూశాడు. జేబులోంచి ముక్క తీసి, గోరుతో కొలిచి, రెండు గీకులు గీకి కాలి కింద దోపాడు. తర్వాత తీరిగ్గా తల బల్ల మీద పెట్టుకున్నాడు.

గుమాస్తా గారి కాళ్ళు నేల మీద లేవు. స్టాంపు అడిగినవాడికి స్టాంపుతో పాటు ఈ వార్త కూడా ఇచ్చాడు. మామయ్య సంగతి తెలిసి వచ్చాడు. మేనల్లుడి కోసం తనే పిడి చెక్కిన చిన్న రంపం సంచిలో ఉంది.

"బావా, ఇందులో ఏదో తిరకాసుంది. వాడి మొహం చూడు, ఫస్టొచ్చినవాడి మొహమా అది?"

"నీ రంపం నీ దగ్గరే ఉంచుకో. బెంచీ వచ్చింది, మాట తీరింది."

"వాణ్ణి అడుగుదాం, ఎలా వచ్చిందో."

"వచ్చినదాన్ని ఎలా వచ్చిందని అడక్కూడదు. పోతుంది" అన్నాడు గుమాస్తా.

అవతల స్కూల్లో లెక్కల మాస్టారు మార్కులు చూసుకుని, ముసిముసిగా నవ్వుకుని, వెళ్ళి ప్రిన్సిపాలు ముందు నిలబడ్డాడు.

"మన ఫస్టు బెంచీ వాడికి ఎన్ని మార్కులో తెలుసా సార్?"

"ఎన్ని?"

"సున్నా."

"మరి మిగతావాళ్ళకి?"

"అంతకంటే తక్కువ."

ప్రిన్సిపాలు చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "అంత చెడిపోయారా?"

"చెడిపోవడం కాదు సార్. ఆఖరివాడు మొత్తం పేపరుకి తప్పే పెట్టాడు. ఒక్కటైనా గురితప్పి ఒప్పు కాలేదు. కళ్ళు మూసుకుని పెట్టినా నాలుగింట్లో ఒకటి తగుల్తుంది. అన్నీ వచ్చినవాడు తప్ప అంత శుద్ధంగా తప్పులు రాయలేడు."

"ఎందుకు రాసినట్టు?"

"వెనక గాలి బాగుంటుంది సార్."

"మీకెలా తెలుసు?"

మాస్టారు పైకప్పు వైపు చూశాడు. "ఈమధ్య నేనూ వెనక నిలబడే పాఠం చెప్తున్నాను."

ఇద్దరూ క్లాసుకి వెళ్ళారు. ప్రిన్సిపాలు బెత్తం చేత్తో పట్టుకుని వరసలన్నీ దాటి కిటికీ దగ్గరికెళ్ళి, బయటికి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి బెత్తం చంకలో పెట్టుకుని, తల తిప్పకుండానే అడిగాడు.

"ఎంత మీదున్నారు?"

"ఒకటీ ఒకటీ సార్" అన్నాడు మెరిట్టు, అలవాటు కొద్దీ.

విజిలు మోగాకే ప్రిన్సిపాలుకి తను ప్రిన్సిపాలని గుర్తొచ్చింది. వరండాలోకొచ్చి, "ఆ కిటికీకి మేకులు కొట్టించండి" అన్నాడు.

"కొట్టిస్తే ఆట ఆగుతుంది, చదువూ ఆగుతుంది" అన్నాడు మాస్టారు. "బెంచీలు తిప్పేద్దాం సార్. ఎక్కువొచ్చినవాడు వెనక్కి, తక్కువొచ్చినవాడు బోర్డు ముందుకి. ఫైనలు సోమవారం. శనివారం ఎలా రాస్తారో మీరే చూడండి."

"సోమవారం పేరెంట్సు వస్తారయ్యా."

"రానివ్వండి. మార్కులు చూస్తే వాళ్ళే మిమ్మల్ని మెచ్చుకుంటారు."

కొత్త పద్ధతి క్లాసులో చదివి వినిపించగానే వెనక బెంచీలో చప్పట్లు మోగాయి. చెక్కకి మాత్రం అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఆఖరి బెంచీ కావాలంటే ఇప్పుడు అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకోవాలి. చదువు మానెయ్యాలంటే చదివి తీరాలి.

చదివాడు కూడా. ఆ వారం జేబులో చెక్కముక్క లేదు. మెరిట్టుకి ఎక్కడో చురుక్కుమందేమో, తన చదువు పక్కనపెట్టి వీడికి లెక్కలు చెప్పాడు. చెక్క వాళ్ళమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి, కొడుకు పుస్తకం ముందు కూర్చుని పెదాలు కదపడం చూసి భయపడి, నుదురు మీద చెయ్యివేసి చూసింది. శనివారం పరీక్షలో చెక్క మొదటిసారి కొన్నింటికి తెలిసే టిక్కు పెట్టాడు. అవి ఒప్పు కూడా అయ్యాయి. అయితే ఏం లాభం, తప్పులకోసం చదివిన చదువంతా క్లాసు ఒక్కసారిగా బయటికి తీసింది. అందరికీ నిండా మార్కులు. అందరికంటే తక్కువ చెక్కకి. తక్కువొచ్చినవాడు బోర్డు ముందుకి.

సోమవారం మధ్యాహ్నం తల్లిదండ్రులొచ్చేసరికి చెక్క ఫస్టు బెంచీలో మొదటి సీటులో ఉన్నాడు.

మెరిట్టు తండ్రి డాక్టరు. గుమ్మంలోంచి కొడుకుని వెనక గోడ పక్కన చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ప్రిన్సిపాలు అందరినీ ఆపి కొత్త పద్ధతి వివరంగా చెప్పాడు: వెనకున్నవాళ్ళే మొదటివాళ్ళు. డాక్టరు మొహం వికసించింది. వెళ్ళి కొడుకు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. కాసేపటికి, "ఆట ఎవరెవరికి?" అని ఆయన అడగడం ముందు వరసదాకా వినిపించింది. ఆ తర్వాత తండ్రులంతా ఒకరి వెనక ఒకరు కిటికీ వైపు సర్దుకున్నారు. ముందు మిగిలింది గుమాస్తా గారి కుటుంబం, వాళ్ళ వెంట వచ్చిన మామయ్య, ప్రిన్సిపాలు.

గుమాస్తా గారు ప్రిన్సిపాలు చెప్పింది విన్నాడు. విననట్టే నిలబడ్డాడు.

"నాన్నా, బెంచీలు తిప్పేశారు. ఇప్పుడిదే ఆఖరిది" అన్నాడు చెక్క.

"తిప్పమని నేనన్నానా? ఆఖరిదంటే గోడ పక్కది. నువ్వున్నది బోర్డు ముందు."

"బావా, వాడికి చదువు రాలేదని ఆయన నీ మొహం మీదే చెప్పారు కదా" అన్నాడు మామయ్య.

"చదువు సంగతి కాదు, మన మాట బెంచీ గురించి. నేను మాట తప్పను."

"ఏమండీ" అంది భార్య, "పిల్లాడు ఈ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు. మీ బెంచీ తగలెయ్య, వాడి మొహం చూడండి."

"చూస్తున్నాను. ఫస్టు బెంచీలో కళకళలాడుతున్నాడు."

ప్రిన్సిపాలు ఒక చెవి కిటికీ వైపు పెట్టి, "ముందు కూర్చోండి, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. గుమాస్తా ఒక పక్క, భార్య ఒక పక్క, మధ్యలో చెక్క. ఆ చివర ప్రిన్సిపాలు కూడా ఆనుకున్నాడు. మామయ్య మాత్రం కూర్చోకుండా నిలబడి, బెంచీ కాళ్ళ వైపు చూస్తున్నాడు.

తండ్రిని సంతోషపెట్టే మాట ఒకటి చెప్పి వెనక్కి వెళ్ళిపోదామని ప్రిన్సిపాలుకి తొందరగా ఉంది. చాలాసేపు వెతికి ఒకటి పట్టుకున్నాడు. "మార్కులదేముంది లెండి, అవే వస్తాయి. ఈ బెంచీలో కూర్చున్న ప్రతివాడూ ఇదివరకు ఊగుతూ ఉండేవాడు. మొన్నమొన్నటిదాకా నేనే చూశాను. మీవాడొచ్చాక ఒక్కరోజు ఊగలేదండి. అంత స్థిరంగా కూర్చునేవాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదు."

గుమాస్తా గారు బావమరిది వైపు తిరిగాడు. ఛాతీ రెండింతలైంది. "విన్నావా? కూర్చుంటే వస్తుందని నేనన్నానా లేదా?" కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. "చెప్పరా, ఈ బెంచీకొచ్చాక నీలో ఏం మారిందో మీ మామయ్యకి నీ నోటితోనే చెప్పు."

"నాలో ఏం మారలేదు నాన్నా. దీని వెనక కాలు పొట్టిది, కింద నేను చెక్క దోపాను. మీరంతా ఇప్పుడు దాని మీదే కూర్చున్నారు. తీసెయ్యనా?"